గాలిగోపురానికి ఇవతల

తమిళనాడు ప్రభుత్వ ఉత్తర్వుల నెత్తిన కనిపించే గుండ్రని ముద్రలో ఒక గాలిగోపురం, దాని ముందు సారనాథ్ అశోకస్తంభపు సింహశీర్షం, ఆ శీర్షానికి అటూ ఇటూ రెండు జాతీయ పతాకాలు, అంచు వెంబడి తమిళ అక్షరాలు ఉంటాయి. ఈ ముద్రను 1949లో మదురైకి చెందిన చిత్రకారుడు ఆర్. కృష్ణారావు రూపొందించాడు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా, రాయలసీమ తెలుగు జిల్లాలు కూడా కలిసి ఉండేవి కనుక, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడివడే వరకు ఈ గోపురం తెలుగువారి ప్రభుత్వానికి కూడా గుర్తే. అది విరుదునగర్ జిల్లా శ్రీవిల్లిపుత్తూరులోని వటపత్రశాయి ఆలయ రాజగోపురమని జనం గట్టిగా నమ్ముతారు; ఆ ఊరివారికైతే అది నమ్మకం కూడా కాదు, నిత్యం కళ్లెదుట కనిపించే నిజం. చిత్రకారుడి వైపు నుంచి వచ్చిన కథనం మరోలా ఉంది: మదురై మీనాక్షి ఆలయపు పడమటి గోపురాన్ని ఆయన అంతకుముందే నీటిరంగులలో చిత్రించి ఉన్నాడనీ, ఆ బొమ్మే ముద్రకు ఆధారమైందనీ ఆ కథనం చెబుతుంది.

ఒక పాత కట్టడపు చిత్రాన్ని చదివేటప్పుడు ‘ఇది ఏ కట్టడం’ అన్న ప్రశ్న మొదట రావడం సహజమే గాని, అక్కడే ఆగిపోతే చిత్రం చెప్పేది వినబడదు. చిత్రకారుడు ఎక్కడ నిలబడి చూశాడు, ఏ వేళ చూశాడు, చూసినదానిలో దేన్ని ఉంచి దేన్ని వదిలేశాడు అన్న ప్రశ్నలే చిత్రపు భావాన్ని, అందులోని సంకేతాన్ని పట్టి ఇస్తాయి. గోపురం విషయంలో ఈ ప్రశ్నలకు మరింత బరువు ఉంది, ఎందుకంటే గోపురం గర్భగుడి కాదు, దేవుడు ఉండే చోటు కాదు, అది వాకిలి. వాకిలిని నిలువెత్తున చిత్రించాలంటే చిత్రకారుడు దానికి ఇవతల, వీధిలోనే నిలబడాలి. దక్షిణాదిన ఆ వీధిలో నిలబడినవారందరూ లోపలికి వెళ్లగలిగినవారు కాకపోవడమే ఈ బొమ్మ వెనుక ఉన్న చరిత్ర.

ముందుగా కట్టడం సంగతి. తొలినాటి ద్రావిడ ఆలయాలలో ఎత్తంతా గర్భగుడి మీది విమానానిదే, క్రీ.శ. 1010 ప్రాంతంలో పూర్తయిన తంజావూరు బృహదీశ్వరాలయంలో విమానం రెండు వందల అడుగులు దాటితే వాకిళ్లు దాని ముందు పొట్టిగా కనిపిస్తాయి. చోళుల చివరి శతాబ్దాలలో ఈ లెక్క తిరగబడింది. పూర్వపు గర్భగుడి పవిత్రమైనది కనుక దాన్ని పడగొట్టి పెంచడానికి వీలులేక, రాజులు దాని చుట్టూ ప్రాకారం మీద ప్రాకారం కట్టి, ఒక్కొక్క ప్రాకారానికి అంతకుముందున్నదాని కంటె ఎత్తయిన వాకిలి నిలబెట్టుకుంటూ పోయారు. విజయనగర కాలానికి వాకిలే ఊరి ఆనవాలు అయింది. శ్రీకృష్ణదేవరాయలు కాంచీపురం ఏకామ్రనాథాలయంలోను, శ్రీకాళహస్తిలోను నిలిపిన గోపురాలు అటువంటివి. తిరువణ్ణామలైలో ఆయన హయాంలో మొదలైన గోపురం తంజావూరు నాయకుల చేతుల మీదుగా పూర్తయింది. ‘రాయగోపురం’ అన్న మాట ఈ కాలపు వారసత్వమే. ‘గాలిగోపురం’ అన్నది తెలుగువారి ఇంటిమాట. ప్రతి అంతస్తులోను ముందూ వెనకా ఎదురెదురుగా ఉండే ద్వారాల గుండా గాలి ఆడుతూ ఉంటుంది కనుక ఆ పేరు కట్టడానికి అతికినట్టు సరిపోయింది.

గోపురం కింది భాగం రాతిది, పైభాగం ఇటుక, సున్నానిది. రాతి పీఠాన్ని అధిష్ఠానం అంటారు. దాని మీద లేచే అంతస్తులకు తలాలు అని పేరు. ఒక్కొక్క తలం పైకి పోయేకొద్దీ వెడల్పులోనే కాక ఎత్తులో కూడా కొంచెం కొంచెం తగ్గుతుంది. ఈ తగ్గుదల వల్ల కింద నిలబడి చూసేవాడి కంటికి గోపురం ఉన్నదానికంటె ఎత్తుగా, ఆకాశంలోకి దూరంగా జరిగిపోతున్నట్టుగా కనిపిస్తుంది. కొసన బండికి కప్పిన గూడులాంటి పొడుగుపాటి కప్పు ఉంటుంది, దాని పేరు శాల. దాని రెండు కొసల్లో గుర్రపునాడా ఆకారంలో తెరుచుకునే భాగాలు నాసికలు. నడినెత్తిన వరుసగా లోహపు కలశాలు. లోపల చాలా భాగం డొల్ల. ఇంతటి కట్టడం బరువంతా మోసేది కింది రాతి వాకిలి, పునాది మాత్రమే కనుక అక్కడ తేడా వస్తే పైదంతా ఒక్కసారిగా కూలుతుంది. 1516లో రాయలు కట్టించిన శ్రీకాళహస్తి గాలిగోపురం బీటలు వారి 2010 మే 26న అలాగే కూలిపోయింది. ఆ తరువాత కొత్త గోపురం లేచింది గాని, పాతదాన్ని చూడవలసినవారు ఇప్పుడు ఫొటోలనో, బొమ్మలనో ఆశ్రయించవలసిందే.

శ్రీవిల్లిపుత్తూరు గోపురం 11 అంతస్తులది, ఎత్తు 192 అడుగులు. ఆండాళ్ కోవెల అన్న పేరుతోనే ఆ క్షేత్రం లోకప్రసిద్ధం గాని, పెద్ద గోపురం ఆండాళ్ సన్నిధిది కాదు, దాని పక్కనే ఉన్న వటపత్రశాయిది. ప్రళయజలాలలో మర్రియాకు మీద శయనించిన విష్ణువు ఆయన. రెండు సన్నిధుల నడుమ ఉన్న తోటలోనే, తులసి మొక్క దగ్గర విష్ణుచిత్తుడికి పసిబిడ్డగా ఆండాళ్ దొరికిందని స్థలపురాణం. పాండ్యరాజు సభలో వాదించి గెలిచిన బంగారు మూటతో విష్ణుచిత్తుడే, అంటే పెరియాళ్వారే, ఈ గోపురం కట్టించాడని సంప్రదాయం చెప్పుకుంటుంది. అయితే ఇంత ఎత్తయిన వాకిళ్లు ఆళ్వారుల కాలపు నిర్మాణ రీతికి చెందినవి కావు. మదురై గోపురాలకు, దీనికి చూపులో పెద్ద తేడా ఒకటుంది. మదురైలో గోపురం మీద చేతివెడల్పు ఖాళీ దొరకదు. దేవతలు, దానవులు, ద్వారపాలకులు, యాళులు రంగురంగుల సున్నపు బొమ్మలై కిక్కిరిసి ఉంటారు. శ్రీవిల్లిపుత్తూరులో బొమ్మలు చాలా తక్కువ. గోడలోంచి సగం బయటికి పొడుచుకువచ్చిన సన్నని స్తంభాలు, వాటి మధ్య గూళ్లు, వాటి మీద అడ్డంగా సాగే చూరుల గీతలు, ఇవే దాని అలంకారం. మదురై గోపురం దగ్గర చూపు ఒక బొమ్మ నుంచి మరో బొమ్మకు తిరుగుతూ ఉండిపోతుంది, ఇక్కడ మాత్రం ఆ గీతలు పట్టుకుని సూటిగా పైకి పోతుంది.

ముద్ర మీది గోపురం ఏది అన్న తగవుకు మూలం ఇక్కడే ఉన్నట్టు తోస్తుంది. రూపాయి బిళ్లంత జాగాలో గోపురాన్ని గీయవలసి వచ్చినప్పుడు వందల కొద్దీ సున్నపు బొమ్మలను గీయడం ఎవరి తరమూ కాదు. చిత్రకారుడు వాటిని వదిలేసి అంతస్తుల గీతలు, అంచుల వంపు, కొసన శాల, కలశాలు మాత్రమే ఉంచుతాడు. బొమ్మలు రాలిపోయిన మదురై గోపురం చూపుకు శ్రీవిల్లిపుత్తూరు గోపురానికి దగ్గరవుతుంది. చిత్రకారుడి చెయ్యి మదురైని గీసి ఉండవచ్చు, ముద్ర కొలత దాన్ని శ్రీవిల్లిపుత్తూరు చేసింది. కనుక చిత్రకారుడి వైపు కథనాన్ని కాదనకుండానే శ్రీవిల్లిపుత్తూరువారి చూపును కూడా గౌరవించడానికి చోటుంది. వారు తమ ఊరి గోపురాన్ని అందులో గుర్తుపట్టడం పొరపాటు అనడం కంటె, ఆ గీతలలో మిగిలినది వారి గోపురపు స్వభావమే అనడం న్యాయం.

నీటిరంగుల చిత్రం ముద్రగా మారేటప్పుడు పోయేవి బొమ్మలు ఒక్కటే కాదు. నీటిరంగులకు ఒక సొంత గుణం ఉంది: తెల్లని కాగితాన్నే వెలుతురుగా వాడుకుని, పలచని రంగును పొరలు పొరలుగా పరిచి, ఎండ పడిన గోడకూ నీడ పడిన గోడకూ తేడా చూపిస్తారు, ఒకసారి పరిచిన రంగును చెరిపి దిద్దడం కష్టం కనుక ఆ వేళ, ఆ వెలుతురు బొమ్మలో అలాగే నిలిచిపోతాయి. చిత్రానికి భావం వచ్చేది అక్కడి నుంచే. శ్రీవిల్లిపుత్తూరు గోపురాన్నే తీసుకుంటే, అది తూర్పు ముఖంగా ఉండడం వల్ల పొద్దుటి ఎండలో ప్రతి గూడూ, ప్రతి చూరూ విడివిడిగా లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంటుంది. ఊరికి పడమర పశ్చిమ కనుమలు గోడలా నిలబడి ఉండడం వల్ల సాయంత్రం సూర్యుడు వాటి వెనక్కి పోయేసరికి ముఖభాగమంతా నీడలోకి జారి, కొండల నీలం మీద ఒకే ఒక ముదురు ఆకారంగా మిగులుతుంది. పొద్దుటి గోపురాన్ని చిత్రిస్తే అది పనివాడి నేర్పును గురించిన బొమ్మ అవుతుంది, సాయంత్రపు గోపురాన్ని చిత్రిస్తే కాలాన్ని గురించిన బొమ్మ అవుతుంది. ముద్రలో పొద్దూ లేదు, సాయంత్రమూ లేదు, నేల లేదు, వీధి లేదు, మనిషి లేడు. భావం తీసివేయబడిన ఖాళీలోకి సంకేతం వచ్చి కూర్చుంది.

భావమే ముఖ్యమైపోయిన చిత్రాలు ఈ ప్రాంతానికి అంతకు నూటయాభై ఏళ్ల ముందే వచ్చాయి. 1792లో థామస్ డానియెల్, అతని అన్నకొడుకు విలియం డానియెల్ అనే ఆంగ్ల చిత్రకారులు మద్రాసు నుంచి కన్యాకుమారి దాకా తిరిగి, మదురైలో తిరుమల నాయకుడి మహలును, మంటపాన్ని, కోటను చిత్రించుకున్నారు. లండన్‌కు తిరిగి వెళ్లాక రాగిరేకుల మీద ఆమ్లంతో చెక్కి నీటిరంగుల ఛాయ తెప్పించే అచ్చు పద్ధతిలో వాటిని ప్రచురించారు. ‘ఓరియంటల్ సీనరీ’ అనే ఆ సంపుటాలలో మొత్తం 144 చిత్రాలున్నాయి, మదురై మహలు శిథిలాల చిత్రం వాటిలో ఒకటి. అప్పటి ఆంగ్లేయులకు శిథిలమంటే ఒక ప్రత్యేకమైన ఇష్టం. కూలిన గోడ, దాని పగుళ్లలోంచి మొలిచిన రావిమొక్క, పక్కన చీమంత మనిషి, వీటన్నిటినీ ఒక పద్ధతిలో కూర్చడాన్ని వారు ఒక సౌందర్యశాస్త్రంగానే సాధన చేశారు. దాన్ని తెలుగులో చిత్రరమణీయత అనవచ్చు. అటువంటి చిత్రాలు చూసేవారిలో కలిగించేది తీయని దిగులు: ఒకప్పుడు గొప్ప రాజులుండేవారు, ఇప్పుడు లేరు అన్న దిగులు. ఆ దిగులులో ఒక రాజకీయం కూడా ఉంది, ఎందుకంటే పాతవారి కాలం ముగిసిపోయిందని చూపే చిత్రం కొత్తగా వచ్చినవారి పాలనను మాట్లాడకుండానే సమర్థిస్తుంది. నిజానికి 1623 నుంచి 1659 వరకు ఏలిన తిరుమల నాయకుడి మహలు కాలధర్మం వల్ల మాత్రమే శిథిలం కాలేదు. అతని మనుమడు చొక్కనాథుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చినప్పుడు చాలా భాగం విప్పి పట్టుకుపోయాడు. ఈ సంగతి బొమ్మలో కనిపించదు.

మదురై నాయకులు తెలుగువారు. శ్రీవిల్లిపుత్తూరులో కూడా తిరుమల నాయకుడి పేర ఒక చిన్న మహలు ఉంది. మధ్యాహ్నం ఆండాళ్‌కు నివేదన జరిగిందని తెలిస్తే గాని ఆయన మదురైలో భోజనానికి కూర్చునేవాడు కాదనీ, ఆ కబురు అందించడానికి శ్రీవిల్లిపుత్తూరు నుంచి మదురై దాకా దారి పొడుగునా నగారా మంటపాలు కట్టించి, ఒక మంటపంలో మోగిన నగారా విని తరువాతి మంటపంలో నగారా మోగించే ఏర్పాటు చేశాడనీ ఆ దారిలోని ఊళ్లు నేటికీ చెప్పుకుంటాయి. రాజు డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్నా గర్భగుడిలోని ఘడియ నగారా మీద నడిచి ఆయన విస్తరి దగ్గరికి వచ్చేది. అదే కాలంలో ఆ ఊరి వీధిలో నిలబడి, గర్భగుడిలో ఏం జరుగుతోందో జీవితంలో ఒక్కసారీ చూడని మనుషులు కూడా ఉండేవారు. వారికి దక్కింది గోపురం మాత్రమే. గోపురాన్ని చూస్తే చాలు కోటి పుణ్యమని తమిళనాట ఒక నానుడి ఉంది; దాన్ని భక్తిమాటగా ఎంతమంది విన్నారో, ‘మీకు ఇంతవరకే’ అన్న గీతగా కూడా అంతమంది విని ఉంటారు.

ఈ గీతకు ఇవతల నిలబడిన మనిషిని తెలుగు సాహిత్యం ముందే చూసింది, అదీ శ్రీవిల్లిపుత్తూరు కథలోనే. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ విల్లిపుత్తూరు వర్ణనతోనే కథలోకి దిగుతుంది. కృష్ణాతీరాన శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో చెప్పమన్న కథ అది. ఊరు పాండ్యదేశంలోది, మాట తెలుగు, చెప్పిన రాజు కన్నడ సీమలోని విజయనగరంలో సింహాసనమెక్కినవాడు. ఒక కట్టడాన్ని, ఒక ఊరిని చూసే చూపు ఎలా ఉండాలో ఆ వర్ణనను చూసి నేర్చుకోవచ్చు. మేడలు, వీధులు, మన్ననారు స్వామి కోవెల అన్నీ ఉన్నాయి గాని, తెలుగు పాఠకుల మనసులో తరతరాలుగా నిలిచిపోయినది మాత్రం కాలువ ఒడ్డున బాతుల పద్యం. వేకువజామున బాతులు రెక్కల్లోకి తలలు దూర్చుకుని నిద్రపోతూ ఉంటాయి. కావలివాళ్లు వాటిని చూసి, స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన బట్టల ముద్దలనుకుని, తెచ్చి ఇద్దామని నీళ్లలోకి దిగుతారు. అలికిడికి బాతులు లేచిపోతాయి. వరిచేలు కాసే ఆడవాళ్లు నవ్వుతారు. రాజు రాసిన పద్యంలో రాజు లేడు, గోపురం లేదు. మసక వెలుతురు ఉంది, తెల్లని ముద్దలున్నాయి, పొరబడిన కన్ను ఉంది. చిత్రకళలో వెలుతురు చేసే పనినంతా ఆ పద్యం మాటలతో చేసింది. తెల్లవారితే అవి బాతులని ఎవరికైనా తెలుస్తుంది, వేకువ మసకలో కాబట్టే బట్టలయ్యాయి.

ఆ కావ్యం చివరి ఆశ్వాసంలో మాలదాసరి కథ వస్తుంది. దక్షిణాన కురుంగుడి విష్ణువును నమ్మిన ఒక అంత్యకులుడు రోజూ తెల్లవారకముందే కోవెలకు వెళ్లి, బయటే నిలబడి మంగళకైశికి రాగంలో పాడి, లోపలి నుంచి ఎవరైనా తీర్థప్రసాదాలు తెచ్చి ఇస్తే తీసుకుని తిరిగి వస్తూ ఉంటాడు. ఒక రాత్రి దారి తప్పి బ్రహ్మరాక్షసుడి చేతికి చిక్కినప్పుడు, సేవ ముగించుకుని తిరిగి వచ్చి ఆహారమవుతానని మాట ఇచ్చి, మాట నిలబెట్టుకుంటాడు; చివరికి ఆ పాట ఫలమే రాక్షసుడిని విడిపిస్తుంది. కథ పురాణాలలో ముందే ఉన్నది. రాయలు దానికి చేర్చినది చూపు. దాసరి ఒంటి మీది తోలు అంగీతో సహా అతని వేషాన్ని, చేతిలోని సరంజామాను వస్తువు వస్తువుగా, రాజులను వర్ణించేటంత శ్రద్ధతో వర్ణించాడు. ఆలయానికి ఇవతల నిలబడిన మనిషి ఇక్కడ దృశ్యానికి మూలన ఉన్న చీమంత బొమ్మ కాదు, దృశ్యమంతా అతనే. డానియెల్‌ల చిత్రాల్లో కట్టడం ఎత్తు తెలియడానికి పెట్టిన మనుషుల పక్కన ఈ దాసరిని నిలిపి చూస్తే, ఒకే ప్రాంతపు ఆలయ ద్వారాలను చూసిన రెండు కళ్ల మధ్య ఎంత దూరముందో తెలుస్తుంది. అలాగని రాయల కాలపు ఆలయం దాసరికి తలుపు తెరిచిందని కాదు. కావ్యం అతన్ని లోపలికి పంపలేదు, బయట ఉన్న చోటనే అతన్ని పెద్దవాడిని చేసింది. ఆ పరిమితిని కూడా చెప్పుకోవాలి.

తలుపు తట్టిన చప్పుడు ఈ విరుదునగర్ పరిసరాలలోనే గట్టిగా వినిపించింది. కల్లుగీత వృత్తి నుంచి వ్యాపారంలోకి ఎదిగిన నాడార్లు 1897లో కముది శివాలయంలోకి ప్రవేశించి పూజలు చేసినప్పుడు రామనాథపురం రాజు కోర్టుకెక్కాడు. ఆ వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయి నాడార్లకు వ్యతిరేకంగా ముగిసింది. 1899లో ఆలయ ప్రవేశపు తగాదాయే శివకాశిలో పెద్ద అల్లర్లుగా పరిణమించి ప్రాణాలు తీసింది. 1939 జూలై 8న ఎ. వైద్యనాథ అయ్యర్ పూనికతో దళితులు, నాడార్లు మదురై మీనాక్షి ఆలయంలో అడుగుపెట్టారు. 1947లో ఓమందూర్ రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం తెచ్చి రాష్ట్రమంతటా తలుపులు తెరిపించింది. ముద్ర ఆలోచన ఈ ఓమందూర్ హయాంలోనిదేనని చెబుతారు. 1949 ఏప్రిల్‌లో ఆయన దిగిపోగా ముఖ్యమంత్రి స్థానంలోకి వచ్చిన పి.ఎస్. కుమారస్వామి రాజా శ్రీవిల్లిపుత్తూరుకు కూతవేటు దూరంలోని రాజపాళయం తెలుగు రాజుల బిడ్డ.

మతాలకు అతీతంగా ఉండవలసిన ప్రభుత్వానికి గుడి గుర్తు ఏమిటన్న ప్రశ్న ముద్రకు మొదటి నుంచీ ఉంది. గోపురం మతచిహ్నం కాదు, ద్రావిడ శిల్పరీతికి ప్రతీక అన్నది దానికి వాడుకలో ఉన్న జవాబు. ఆ జవాబు తప్పు కాదు గాని చాలదు. రెండేళ్ల ముందు వరకు జనంలో చాలామందికి మూసి ఉన్న వాకిలిని, చట్టంతో తెరిచిన వెంటనే, రాష్ట్ర ప్రజలందరి గుర్తుగా ఎత్తుకోవడంలో శిల్పరీతిని మించిన అర్థం ఉంది. ముద్రను మరొకసారి దగ్గరగా చూస్తే, సింహశీర్షం నిలబడిన చోటు గోపురం అడుగున సరిగ్గా నడిమధ్యన, అంటే వాకిలి ఉండవలసిన చోట. సింహాల శీర్షం తలుపుకు ముందు, వీధి వైపు, చూసేవాడికి ఎదురుగా నిలిచి ఉంది. కృష్ణారావు దీన్ని ఉద్దేశించి చేశాడో, జాగా చాలక చేశాడో, బొమ్మ మాత్రం ఆ మాట అంటూనే ఉంది: ఈ వాకిట్లో ఇక కాపలా రాజ్యాంగానిది.

వాకిళ్లు ప్రభుత్వాల గుర్తులు కావడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. 2014లో ఏలె లక్ష్మణ్ రూపొందించిన తెలంగాణ ముద్రలో ఉన్న కాకతీయ తోరణం వరంగల్లు కోటలోని స్వయంభూ శివాలయపు వాకిలి. గుడి నేలమట్టమైంది, నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు మిగిలాయి. లోపల ఏమీ లేని ఆ వాకిలి మీద ఆ తరువాత నడిచిన వాదాలన్నీ, చిత్రంలోని పాత కట్టడం ఎవరిది అన్న ప్రశ్న ఎంత సజీవమో చూపించాయి.

శ్రీవిల్లిపుత్తూరు నుంచి తూర్పుగా, దక్షిణంగా ప్రయాణిస్తే శివకాశి, సాత్తూరు దాటి నల్లరేగడి నేలల్లో కోవిల్‌పట్టి వస్తుంది. ఈ దారిలోని పల్లెల్లో కమ్మవారు, రెడ్లు, రాజులు, కంబళత్తు నాయకులు నాలుగైదు వందల ఏళ్లుగా తెలుగు మాట్లాడుతున్నారు; వారి వలస గాథనే కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా రాశాడు. గోపురపు చిత్రానికి మరో మలుపు ఈ కోవిల్‌పట్టిలోనే వచ్చింది. పేరులోనే తెలుగు మూలం వినిపించే సి. కొండయ్య రాజు (1898–1976) మద్రాసు చిత్రకళా పాఠశాలలో చదువుకుని, కొంతకాలం తిరువణ్ణామలై రమణాశ్రమంలో గడిపి, ఆ పైన ఒక నాటక సమాజానికి తెరలు చిత్రించే పనిలో చేరాడు. 1940లలో కోవిల్‌పట్టిలో స్థిరపడి, శిష్యులతో కలిసి దేవీ ఆర్ట్ స్టూడియో నడిపాడు. అక్కడ తయారైన దేవుళ్ల బొమ్మలు శివకాశి అచ్చుయంత్రాల మీద క్యాలెండర్లుగా మారి దక్షిణాది ఇళ్లన్నిటికీ చేరాయి. శివకాశిలో ఆ అచ్చుయంత్రాలు పెట్టినవారు నాడార్లే. 1920లలో కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల పని నేర్చుకొచ్చి, అగ్గిపెట్టెల మీది చీటీల కోసం అచ్చుపనిలోకి దిగిన ఊరు అది. గుడిలో అడుగుపెట్టడం కోసం నెత్తురు చిందిన ఊరు, ఒక్క తరం తిరిగేసరికి గుడిలోని దేవుణ్ణి అచ్చువేసి ఇంటింటి గోడకూ పంపింది.

నాటకపు తెర ఆ బొమ్మలకు ఒక పద్ధతి నేర్పింది. తెర మీద రాజవీధో, కోవెలో, తోటో దూరం తగ్గుతూ పోయేట్టు చిత్రించి ఉంటుంది. నటుడు దాని ముందుకు వచ్చి, దీపాల వెలుగులో, ప్రేక్షకుడికి ఎదురుగా నిలబడతాడు. క్యాలెండరు దేవుడు కూడా అలాగే నిలబడతాడు. మూలవిరాట్టు ఉండే గర్భగుడి చీకటిది, దీపపు వెలుగులో పూలమాలల నడుమ లిప్తపాటు కనిపించేది. క్యాలెండరులో చీకటి లేదు, ముఖం మీద పట్టపగటి వెలుగు, చూపు నేరుగా చూసేవారి మీద. వెనకాల, నీలాకాశంలో, బొటనవేలంత గోపురం. గోపురం దేవుడికి వెనక ఉన్నదంటే దేవుడు వాకిలి దాటి ఇవతలికి వచ్చి ఉన్నాడన్నమాట. ఆలయాల్లో ఉత్సవమూర్తి ఊరేగింపుగా వీధిలోకి రావడం అనాదిగా ఉన్నదే. శ్రీవిల్లిపుత్తూరులో ఆడి మాసపు పూర్వఫల్గుణి నాడు ఆండాళ్ పెద్దరథమెక్కి వచ్చేది ఆ వీధిలోకే. అయితే రథం ఏడాదికొక్కసారి కదులుతుంది, కొన్ని వీధులనే తిరుగుతుంది, అది ఏ వీధిలోకి రావాలో రాకూడదో మనుషులే తగవులాడారు. క్యాలెండరు దేవుడికి ఆ హద్దులు లేవు. కిరాణా కొట్టు గల్లాపెట్టె పైన, వంటింటి గోడ మేకుకు, మంగలి దుకాణంలో అద్దం పక్కన, మాలదాసరి వారసుల ఇళ్లలో కూడా, దేవుడు వాకిటికి ఇవతల నిలబడి ఉంటాడు; ఆయన భుజం మీదుగా, ఇక ఎవరినీ ఆపలేనంత చిన్నదై, గోపురం కనిపిస్తూ ఉంటుంది.